పాలరాయి బల్ల

చిక్కడపల్లి సెంట్రల్ లైబ్రరీలో గ్రూప్స్‌కి చదివే రోజుల్లో పక్క సందులోని ఇరానీ హోటలే మా అడ్డా. నలుగురు పట్టే పాలరాయి బల్ల చుట్టూ ఆరుగురం. వన్ బై టూ చాయ్, సాసర్లో ఉస్మానియా బిస్కెట్లు. గంటసేపు కరెంట్ అఫైర్స్ మీద కొట్లాడుకున్నా ఎవరూ లేవమనేవాళ్లు కాదు. ముక్కూమొహం తెలియనివాళ్లు ఎదురుగా కూర్చుని మా పేపర్లో ఒక షీట్ అడిగి చదువుకునేవాళ్లు.

2020లో మెట్రో వచ్చింది. అద్దె పెరిగింది, హోటల్ చేతులు మారింది.

నిన్న వెళ్లాను. ఏసీ, గాజు తలుపు, గోడ వైపు తిరిగిన ఎత్తు స్టూళ్లు. చాయ్ 120 రూపాయలు. ఆ పాలరాయి పలకను గోడకు బిగించి అలంకారంగా పెట్టారు. దాని మీద కప్పుల గుండ్రటి మరకలు ఇంకా ఉన్నాయి.

బయట లైబ్రరీ పిల్లలిద్దరు నోట్సు చంకలో పెట్టుకుని బండి దగ్గర నిలబడి చాయ్ తాగుతున్నారు. లోపల కూర్చోబుద్ధి కాలేదు. వెళ్లి వాళ్ల పక్కన నిలబడ్డాను.