టైలర్ అంగట్లో నీలికళ్లాయన

"చెయ్యి పైకెత్తన్నా" అన్నాడు టైలర్. ఎత్తి ఎదురుగా చూస్తే గోడ మీద సూట్ పోస్టర్. తెల్లదొర, నీలికళ్లు. పోస్టర్ అంచులు వెలిసిపోయాయి గానీ, ఆయనకు మాత్రం కడప ఎండ తగిలినట్టే లేదు.

"మనోళ్ల ఫోటో ఒక్కటీ లేదా?" అంటే, "ఎవురు చూస్తారన్నా?" అని నవ్వి నడుముకు టేపు చుట్టాడు. ముప్పై ఎనిమిది! కాస్త మెల్లగా చెప్పుంటే బాగుండేది, అంగట్లో జనం ఉన్నారు.

ఇంటికొస్తుంటే గుర్తొచ్చింది. లూయీ విట్టన్ అనే ఫ్రెంచి ఫ్యాషన్ కంపెనీ పుట్టింది 1854లో. దాని ప్రకటనల్లో తొలి ఆసియా మగ మోడల్‌గా గాడ్‌ఫ్రే గావ్ కనిపించింది 2011లో. ఇంక ఏడురోడ్ల కాడి అంగడిని ఏమనాలి?

అయినా, నా పెళ్లి ఫోటోల్లో "కొంచెం తెల్లగా చెయ్యన్నా" అని స్టూడియోలో కూర్చుని మరీ చెప్పింది నేనే.