రెండు ఎడమ చేతుల కుర్తీ

పోయిన ఎండాకాలం కాటన్ కుర్తీలు నాలుగు కుట్టించుకుందామని టైలర్ దగ్గరికి వెళ్తే, లైనింగ్ లేకుండానే ఒక్కోదానికి 450 అన్నాడు. విజయవాడ వస్త్రలత బట్టల మార్కెట్లో నేను కొన్న గుడ్డే రెండున్నర మీటర్లు 275 పడింది, కుట్టుకూలి దానికి ఒకటిన్నర రెట్ల పైనే. ఇంట్లో అమ్మ ఇచ్చిన కాలితో తొక్కే మిషను మూలన ఉంది, ఇస్త్రీకి ఇవ్వాల్సిన బట్టలు దాని మీదే పడేస్తుంటాం. ఆ రోజు బట్టలన్నీ మంచం మీదికి మార్చేశా.

చాలా ఏళ్లు తిప్పకపోవడంతో చక్రం బిగుసుకుపోయింది. చిల్లులన్నిటిలో రెండేసి చుక్కలు మిషను ఆయిల్ వేసి, దారం ఎక్కించకుండా పాత గుడ్డ మీద పావుగంట తొక్కితే నల్లటి జిడ్డు దిగింది. తొక్కడమూ అనుకున్నంత తేలిక కాదు, మొదట చక్రాన్ని చేత్తో మన వైపు తిప్పి అప్పుడు కాలు కదపాలి, లేకపోతే అది వెనక్కి తిరిగి దారం పుటుక్కుమంటుంది. రెండు రోజులు నాది ఇదే పని. తర్వాత గుడ్డ కింద దారం ఉండలు కట్టడం మొదలైంది. కింద కదా అని కింది దారం చుట్ట పెట్టే బాబిన్ కేసు స్క్రూ తెగ తిప్పా, అమ్మకి ఫోన్ చేస్తే "కింద చిక్కు పడితే పైన చూడవే" అంది. నిజంగానే పైదారం, దాన్ని బిగించి పట్టే టెన్షన్ బిళ్లల మధ్య కూర్చోలేదు. ఆ రోజు మిషనుకి లేని టెన్షనంతా నాకే.

గుడ్డని మాత్రం రాత్రంతా బకెట్లో నానబెట్టి ఆరేశాకే ముట్టుకున్నా. కొలిస్తే మూడంగుళాలు తగ్గింది! కుట్టాక తగ్గి ఉంటే మా చెల్లికి ఇచ్చెయ్యాల్సొచ్చేది.

టేపు పట్టుకుని లెక్కలేసే ఓపిక నాకు లేదు, ఆదినే, అంటే కొలతకి పెట్టుకునే పాత బట్టనే నమ్ముకున్నా. ఒంటికి బాగా కుదిరి, రంగు పోయిన పాత కుర్తీ ఒకటి తీసి బ్లేడుతో కుట్లన్నీ విప్పి, ముక్కలు ఇస్త్రీ చేసి న్యూస్ పేపర్ మీద పరిచి గీసుకున్నా. పాత ముక్కల్లో కుట్టుకి వదిలిన గుడ్డ అలాగే ఉంటుంది కాబట్టి మళ్లీ కలపక్కర్లేదు, పక్కల్లో మాత్రం ఇంకో అరంగుళం వదిలా, రేపు లావైతే విప్పుకోడానికి.

ముందు వెనక భాగాలు బాగానే వచ్చాయి. చేతుల దగ్గర బోల్తా పడ్డా. చేతి ముక్క పైన ఉండే వంపు రెండు వైపులా ఒకలా ఉండదు, ముందు వైపు కాస్త లోతుగా లోపలికి పోతుంది, వెనక తక్కువ. నేనేమో పేపరు ఒకే వైపు పెట్టి, గుడ్డ మడవకుండా, ఒకదాని తర్వాత ఒకటి కోసేశా. కుట్టి వేసుకుని చూస్తే కుడి చెయ్యి ఎత్తగానే చంక పట్టేసి కుర్తీ మొత్తం పైకి లేస్తోంది. రెండూ ఎడమ చేతులే. మామూలు రంగు గుడ్డయితే తిరగేసి వాడుకోవచ్చు, ఇది ప్రింటు, లోపలి వైపు వెలిసినట్టు ఉంటుంది. మిగిలిన గుడ్డలో చెయ్యి రాదు. చివరికి అమ్మ పాత మంగళగిరి చీర చెంగులోంచి రెండు చేతులూ కోశా, ఈసారి గుడ్డ ఎదురెదురుగా మడిచి. ఆఫీసులో ఇద్దరు అది డిజైన్ అనుకున్నారు, నేనూ కాదనలేదు.

మెడ ఇంకా సరిగ్గా రాలేదనే చెప్పాలి. మొదటిదానికి మెడ చుట్టూ వేసే పట్టీ నిలువుగా కోసి వేశా, గుండ్రంగా తిరగకుండా గిన్నె అంచులా లేచి నిలబడింది. పట్టీ గుడ్డకి ఐమూలగా, క్రాస్‌గా కోస్తేనే వంపుకి సాగుతుందట, కుట్టాక లోపలి వైపు కుట్టు తెగకుండా చిన్న చిన్న గాట్లు కూడా పెట్టాలి. రెండోదానికి అలా చేస్తే పడుకుంది, మూడోదానికి తొందరపడి ఒక గాటు లోతుగా పడింది, అక్కడ ఒక గుండీ కుట్టి కప్పేశా.

దారం, సూదులు, ఆయిల్ కలిపి 140 అయింది. నాలుగు కుర్తీలకి నెలన్నర పట్టింది, అన్నీ ఆదివారాలే. కాజాలు మాత్రం ఇప్పటికీ ఆ టైలర్ దగ్గరికే పట్టుకెళ్తున్నా, ఒక్కోదానికి ఐదు రూపాయలు తీసుకుంటూ కుట్లు తిరగేసి మరీ చూస్తాడు.