తలుపు లోపలి నీలం

తెల్లవారుజామున ఐదున్నరకే నేనూ మా అబ్బాయీ పాత కార్ల పోటీ చూద్దామని కాలిఫోర్నియాలోని పెబుల్ బీచ్ గోల్ఫ్ కోర్సు దగ్గర నిలబడ్డాం. 2024 ఆగస్టు 18, ఆదివారం. చీకట్లో ముందు ఇంజను చప్పుడు వినిపించేది, తర్వాత పసుప్పచ్చటి లైట్లు, ఆ తర్వాతే కారు. పద్దెనిమిదో హోల్ గడ్డి మీదికి ఒక్కొక్కటీ వస్తుంటే ఒళ్లు పులకరించింది. కారు ఆగీ ఆగగానే దాని మనుషులు మోకాళ్ల మీద కూర్చుని టైరు గాళ్లలోంచి గడ్డిపరకలు ఏరడం మొదలుపెట్టారు. ఒకాయన చెవి దూదిపుల్లతో చక్రం ఊచల మధ్య చెమ్మ అద్దుతున్నాడు.

మెరుపొక్కటే చాలదక్కడ. జడ్జీలు ఇంజను స్టార్ట్ చేయమంటారు, లైట్లు వేయమంటారు. పోటీకి ముందు గురువారం జరిగే టూర్‌లో రోడ్డు మీద తిరిగొచ్చిన కారుకి, మార్కులు సమానమైతే, మొగ్గు ఇస్తారు. నాకు బాగా నచ్చిన నియమం ఇది. కారన్నాక నడవాలి.

ఆ రోజు పోటీ మొత్తానికి పై బహుమతి, బెస్ట్ ఆఫ్ షో, 1934 బుగాటీ టైప్ 59కి వచ్చింది. ఒకప్పటి ఫ్యాక్టరీ రేసు కారు, తర్వాత బెల్జియం రాజు మూడో లియోపోల్డ్ దగ్గరికి చేరింది. పాతబడ్డ నల్ల పెయింట్ అలాగే ఉంది. ఎవరూ దాన్ని కొత్తది చేయలేదు, ఉన్నదాన్నే కాపాడుకుంటూ వచ్చారు. 1950లో మొదలైన ఈ పోటీలో అలాంటి కారు పై బహుమతి గెలవడం అదే మొదటిసారి.

చప్పట్లు కొడుతూనే ఉన్నాను, మనసంతా మా గ్యారేజీలోని 1938 లాన్సియా అప్రీలియా మీదే. మధ్యలో స్తంభం లేకుండా ఒక్కో వైపు రెండు తలుపులూ బార్లా తెరుచుకునే ముచ్చటైన కారు. నాలుగేళ్ల క్రితం సీట్ల బట్ట మాసిందని చింపేసి, లోపలి గుర్రపు వెంట్రుకలతో సహా చెత్తలో వేశాను. ఎన్నో ఏళ్లుగా ఎవరెవరో కూర్చుని చేసిన గుంటలు వాటితోనే పోయాయి. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం?

ఎడమ వెనక తలుపు లోపలి అంచున మాత్రం అసలు నీలం ఇంకా మిగిలి ఉంది. గడియ పక్కన బొటనవేలు ఆనేచోట అరిగి ఇనుము తేలింది. ఆ వారమే పెయింటింగ్‌కి వెళ్లాల్సిన తలుపు అది. సోమవారం సాయంత్రం ఆ అరిగినచోట తుప్పు పట్టకుండా పల్చగా మైనం రాశాను. మా అబ్బాయి టార్చి పట్టుకున్నాడు. అంచు పొడుగునా టేపు అంటించి, "టేపు కింద ముట్టుకోవద్దు" అని మార్కర్‌తో రాసి పంపాను.