పదకొండో నెల గుండు

నారాయణాద్రి రైలు దిగేసరికి తిరుపతిలో ఇంకా పూర్తిగా తెల్లారలేదు. పెద్దవాళ్లం ఐదుగురం, చంటిది ఒకతి. బెంగళూరు నుంచి రాత్రి బస్సులో వచ్చిన మా బావమరిది స్టేషన్ బయట టీ కొట్టు దగ్గర కలిశాడు. పుట్టువెంట్రుకలకు మేనమామ లేకపోతే ఎలా? కొండమీదకి కారు మాట్లాడదామని వెళ్తే, ఒళ్లో పసిపిల్లను చూడగానే రేటు పెరిగింది. ఒకాయన రెండు వేల దగ్గర మొదలుపెట్టి, "చంటిపిల్లతో బస్సేంటి సార్" అని మాకు సిగ్గు కూడా నేర్పబోయాడు. సిగ్గుపడకుండా సప్తగిరి బస్సెక్కాం.

చంటిపిల్లలకు బస్సే నయమని నా అభిప్రాయం. కిటికీలోంచి గాలి వస్తుంది, ముందు సీట్లలో కుదుపు తక్కువ. అలిపిరి దగ్గర సామాన్ల తనిఖీకి ఎలాగూ అందరూ దిగాలి, పాపకు పాలో, నీళ్లో పట్టడానికి అదే అదను అనుకుంటాం. అక్కడే పొరపాటు. కడుపు నిండా పట్టి, కొండ ఎక్కే దారి అయిన రెండో ఘాట్ రోడ్డు ఎక్కిస్తే మలుపుల్లో మొత్తం కక్కేస్తారు. బయల్దేరడానికి గంట ముందే పాలు అయిపోవాలి. ఎక్కేటప్పుడు మాత్రం గుటక గుటకగా ఏదో ఒకటి తాగిస్తూ ఉండాలి, ఎత్తు పెరిగేకొద్దీ చెవులు పట్టేస్తాయి కదా. మనమైతే ఆవలిస్తాం, వాళ్లకది తెలియదు, ఏడుస్తారు. పక్క సీట్లో ఒక పిల్లాడు ఘాట్ పొడుగునా అలాగే ఏడ్చాడు. వాళ్ల నాయనమ్మ దిష్టి అంటోంది. ఇంకో మాట, కొండమీద ప్లాస్టిక్ సీసాలు కుదరవు. గాజు సీసా కొనాలి, ఖాళీది తిరిగిస్తే డిపాజిట్ వెనక్కి ఇస్తారు. చంటిపిల్ల ఉన్నప్పుడు ఆ గాజు సీసా ఎక్కడ పెట్టాలన్నది పెద్ద సమస్య. స్టీలు ఫ్లాస్కులు రెండు తెచ్చుకోవడమే మంచిది: ఒకటి తాగడానికి, ఒకటి స్నానానికి వేడినీళ్లు. ఆ రెండోదాని సంగతి తర్వాత.

పదకొండో నెల అని ఎందుకు పెట్టుకున్నాం? బేసి నెల కావాలి, ఏడాది నిండకూడదు అని అమ్మ పట్టు. పది నిండి పదకొండు నడుస్తుంటే పదకొండో నెలా, పదకొండు నిండితేనా అని అమ్మకీ అత్తయ్యగారికీ ఫోన్లో ఒక వారం నడిచింది. నడుస్తున్నదే లెక్క అని తేలింది. అది నాకు ఇంకో రకంగా కలిసొచ్చింది. ఏడాదిలోపు బిడ్డ ఉంటే తల్లిదండ్రులను సుపథం అనే ప్రత్యేక ప్రవేశ దారి నుంచి దర్శనానికి పంపుతారు. బిడ్డ జనన ధ్రువపత్రం, తల్లిదండ్రుల ఆధార్ కార్డులు ఉండాలి. వేళలు మారుతుంటాయి కాబట్టి బయల్దేరే ముందు చూసుకోవాలి. అసలు చిక్కు కాగితాల్లో ఉంటుంది. మా ఆవిడ ఆధార్‌లో పుట్టింటి ఇంటిపేరు, పాప పత్రంలో అత్తింటి ఇంటిపేరు. చాలామంది పత్రాల్లో బిడ్డ పేరే ఉండదు, "బేబీ ఆఫ్" అని ఆసుపత్రి వాళ్లు రాసిందే మిగిలిపోతుంది. నెల ముందే ఊళ్లో సరిచేయించుకోవాలి గానీ, క్యూ మొదట్లో నిలబడి ఇంటిపేర్ల చరిత్ర చెప్పుకోవడం అయ్యే పని కాదు.

యాత్రికుల వసతి సముదాయంలో లాకరు తీసుకుని, తలనీలాలు తీసే అక్కడి కల్యాణకట్టకే వెళ్లాం. పెద్ద కల్యాణకట్టలో జనం ఎక్కువ, వరుసలో నిలబడ్డ సేపట్లోనే పిల్లలు అలిసిపోతారు. గుండుకు డబ్బు కట్టక్కర్లేదు. టోకెన్, దాంతోపాటు కొత్త బ్లేడు ఇస్తారు.

ఇక్కడే అందరూ ఒక తప్పు చేస్తారు, మేమూ చేయబోయాం. ముందురోజు రాత్రి అత్తయ్యగారు అలవాటుగా పాప తలకు కొబ్బరినూనె పట్టించారు. నూనె ఉంటే నీళ్లు వెంట్రుకల్లోకి ఇంకవు, బ్లేడు జారుతుంది. రైల్లోనే తడిగుడ్డతో రెండుసార్లు తుడిచాం. పదకొండు నెలల జుట్టు చూడ్డానికి దూదిలా ఉన్నా, చెవుల వెనకా మెడమీదా చిక్కులు కట్టి ఉంటుంది. మేనమామ మూడు చోట్ల కత్తిరించి వదిలేశాక, పొడుగ్గా ఉన్నదంతా ముందు కత్తెరతోనే తీయించాలి. ఆ తర్వాత తల బాగా నానాలి. పైపైన చిలకరించి మొదలుపెడితేనే గాట్లు పడేది. నడినెత్తిన మాడు ఇంకా పూడని వయసు కాబట్టి అక్కడ చెయ్యి తేలిగ్గా పడాలి. మా మంగలాయన పెద్దాయన, చెప్పకుండానే మాడు చుట్టూ తిప్పి, దాన్ని ఆఖర్న తీశాడు.

ఒళ్లో కూర్చోబెట్టుకునే పద్ధతీ ఉంది. పాప వీపు మేనమామ పొట్టకు ఆనాలి, ఆయన ఒక చెయ్యి పాప రెండు చేతులమీదుగా అడ్డంగా, రెండో చెయ్యి గడ్డం కింద. నుదురు పట్టుకోకూడదు, అలా పడితే తల వెనక్కి గుంజుతారు. మెడ చుట్టూ పాత నూలు తుండు బిగించకపోతే వెంట్రుకలు చొక్కాలోకి దూరి రోజంతా దురద. ఇవన్నీ సరిగ్గా చేసినా ఏడుస్తారు, అది వేరే సంగతి. నిద్రలో ఉంటే అంత అదృష్టం లేదు. మాది నిద్రపోలేదు, సగం పని అయ్యేదాకా కోపంగా చూసి, ఆ తర్వాత మొదలుపెట్టింది.

స్నానానికి ఆ రెండో ఫ్లాస్కు పనికొచ్చింది. కొండమీద పొద్దున్నే పంపు నీళ్లు గుండు మీద పడితే పెద్దవాళ్లకే గుండె జల్లుమంటుంది. గంధం ఇంట్లోనే సానమీద అరగదీసి డబ్బాలో తెచ్చుకున్నాం. పలచగా రాస్తే చాలు. మందంగా రాస్తే ఎండాక పెచ్చులూడి, పాప చేత్తో రుద్దుకుని ఆ పొడి కళ్లలో పోసుకుంటుంది. బయట టోపీ నూట యాభై చెప్పారు, మా వీధిలో అరవైకి దొరుకుతుంది. గంధం డబ్బా గుర్తుంది, టోపీ మర్చిపోయాం, కొన్నాం.

ఇంతవరకూ నేను సిద్ధపడిందే. సిద్ధపడనిది నా గుండు. పాప అమ్మ దగ్గర ఆడుకుంటుంటే పక్క వరుసలో నేనూ తలనీలాలు ఇచ్చేసి, స్నానం చేసి, కొత్త పంచె కట్టుకుని, ఎత్తుకుందామని చేతులు చాచాను. పాప నన్ను పైనుంచి కిందిదాకా చూసి, తల్లి భుజంలో మొహం దాచుకుని కెవ్వుమంది. గొంతు విని ఇటు తిరుగుతుంది, గుండు చూసి అటు తిరుగుతుంది. మంగలాయన నవ్వి, రోజూ చూస్తాన్లే బాబూ అన్నాడు. తండ్రికి గుండు చేయిస్తే బిడ్డ కళ్లెదురుగానే చేయించాలట, జుట్టు పోతుండగా చూస్తే నమ్ముతారట. మూడు కత్తెరలతో సరిపెట్టుకున్న మా ఆవిడ ఆ రోజంతా పాపకు ఏకైక తల్లీ తండ్రీ అయింది.

సుపథం దగ్గర కుటుంబం రెండుగా చీలింది. లోపలికి మేం ముగ్గురమే. గుండు అయ్యేదాకా ఒళ్లో పెట్టుకున్న మేనమామకు గానీ, నెలల లెక్క తేల్చిన ఇద్దరమ్మలకు గానీ ఆ దారి లేదు. వాళ్లకు మూడొందల రూపాయల దర్శనం టికెట్లు ముందే ఆన్‌లైన్లో తీసి ఉంచాం కాబట్టి బతికిపోయాం. ఈ సంగతి ముందు తెలియక నాయనమ్మనీ తాతనీ వెంటబెట్టుకొచ్చిన వాళ్లు మా ముందే వెనక్కి తిరిగారు. సెల్‌ఫోన్లు అప్పగించేస్తాం, లోపల ఒకరినొకరు వెతుక్కోలేం. ఎక్కడ కలవాలో, ఎవరి దగ్గర లాకరు తాళం ఉందో బయటే అనుకోవాలి. బేడి ఆంజనేయస్వామి గుడి దగ్గర అనుకున్నాం.

దర్శనం మాకు తొందరగానే అయింది. స్వామి ఎదుట రెప్పపాటు సేపు, ఆ రెప్పపాటులో పాప నా చెవి పట్టుకుని లాగింది. గుండును ఒప్పుకుందేమో అనుకున్నా, కాదు, చెవి మాత్రం పాతదే అనుకున్నట్టుంది.

బేడి ఆంజనేయస్వామి దగ్గర కూర్చున్నాం. పాపకు ఫ్లాస్కులో అడుగున మిగిలిన వేడినీళ్లతో ఉగ్గు కలిపాం. మిగతావాళ్లు వచ్చేసరికి మూడు గంటలు పట్టింది. బావమరిది జుట్టు అలాగే ఉంది కదా, పాప వాణ్ణి చూసి దూకేసింది. పొద్దున తన జుట్టు కత్తిరించింది వాడే.

దిగేది మొదటి ఘాట్, 1944లో వేసిన దారి, ఎక్కిన దారికన్నా మలుపులు పదునుగా ఉంటాయి. ఈసారి పాలు ముందే అయిపోయాయి, పాప మేనమామ ఒళ్లో నిద్రపోయింది. నేను తుండు తలపాగాలా చుట్టుకున్నాను. సికింద్రాబాద్ దాకా తీయలేదు.