కంబళి పూడ్చిన చోటు

పెద్దల అమావాస్యకు ఈసారి జేజిని వాళ్ల పుట్టినూరికి తీసుకుపోతానని మాటిచ్చాను. కాచిగూడలో రాత్రి రైలెక్కి తెల్లవారేసరికి గుత్తిలో దిగాను. ఇంటికి పోయేసరికి జేజి తలకు పోసుకుని, ఓళిగల డబ్బా ఒళ్లో పెట్టుకుని అరుగు మీద కూర్చుని ఉంది. ఆమెకిప్పుడు 87 ఏళ్లు.

ఆటో కదలగానే కొండ మీద కోట కనిపించింది. దాని కింద ఇంగ్లీషువాళ్ల శ్మశానం ఉంది. కంపెనీ సైన్యంలో క్యాడెట్‌గా వచ్చి, దత్తమండలాలకు కలెక్టరై, చివరికి మద్రాసు గవర్నరైన థామస్ మన్రో 1827 జూలై 6న పత్తికొండలో కలరాతో పోతే, గుత్తికి తెచ్చి పూడ్చారు. 1831లో మళ్లీ తవ్వి, మద్రాసు కోటలోని సెయింట్ మేరీ చర్చికి తీసుకుపోయారు. అటు పోయినప్పుడల్లా నాకు జేజి వాళ్ల నాయనే గుర్తొస్తాడు. ఆయన శవాన్ని మావాళ్లెవరూ చూడలేదు.

రెండో ప్రపంచ యుద్ధంలో సిపాయిగా చేరి బర్మా వైపు పోయాడాయన. ఒకసారి ఎవరిచేతనో జాబు రాయించాడట, ఇక్కడ వాన తెరిపివ్వడం లేదు, ఇంట్లో ఉన్న నా కంబళి పంపమని. జేజి వాళ్లమ్మ దాన్ని ఉతికి, మిద్దె మీద ఆరేసి, గోనెపట్టాలో పెట్టి కుట్టింది. పోస్టుకు వేసేలోపే తంతి వచ్చింది. బడి అయ్యవారు చదివి చెప్పాడు. జేజికి అప్పుడు ఆరేళ్లు.

"మనిషిని చూడందే గాజులెట్ల తీసేది?" అని ఆమె మూడు నెలలు ఎవరి మాటా వినలేదట. చివరికి ఒకరోజు తనే ఆ మూట తెచ్చి వాకిట్లో పెట్టింది. పాడె కట్టారు. నలుగురు మోసుకుపోయి, తమ చేనిలోనే గుంత తీసి, దక్షిణం వైపు తల ఉన్నట్టుగా పడుకోబెట్టి పూడ్చారు. ఆరేళ్ల పిల్లచేత కూడా మూడు పిడికిళ్ల మన్ను వేయించారు.

"మూట ముట్టుకున్నా రా, బరువే లేదు" అంది జేజి.

సమాధి వేపచెట్టు కింద ఉంది. మోకాలెత్తు కట్ట, దీపానికి చిన్న గూడు, అంతే. చుట్టూ పీకి కుప్పలేసిన చెనిక్కాయ చెట్ల పచ్చివాసన. జేజి నన్ను పక్కకు జరగమని, గూడులోని పాత మసి చీరచెంగుతో తుడిచింది. ఆకు పరిచి అన్నం, పప్పు, ఓళిగ పెట్టింది. కాకి కోసం చూస్తూ నీడలో కూర్చున్నాం.

అప్పుడు ఫోన్ తీశాను. యుద్ధాల్లో పోయినవాళ్ల సమాధులు చూసుకునే కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ జాబితాలో ఆయన పేరు నాకు పోయిన నెలే దొరికింది. ఫోన్లో చెప్పబుద్ధి కాలేదు, ఇక్కడే చెప్పాలనుకున్నాను. రంగూన్‌కు ఉత్తరాన టౌక్యాన్ శ్మశానంలో, సమాధి ఎక్కడో తెలియని సైనికుల కోసం కట్టిన రంగూన్ మెమోరియల్ ఉంది. దాదాపు 27,000 పేర్లు చెక్కారు. వాటిలో ఆయనొకడు.

జేజి పేరు మళ్లీ చదవమంది. చదివాను. ఇంకోసారి చదివించుకుంది. ఫోటో చూపిస్తే ఫోన్ కళ్ల దగ్గరికి తీసుకుని చాలాసేపు చూసింది.

"అక్కడ వానలెక్కువ కదా. పైన కప్పుందా రా?"

వేళ్లతో ఫోటో పెద్దది చేశాను. పేర్లున్న స్తంభాల వరస మీద కప్పుంది.

"ఉంది జేజీ."

"అట్లయితే సరే" అని, ఆకులో ఇంకో ఓళిగ వేసింది.