ఎనిమిది వందల క్యాలరీల దగ్గర ఆగిపోయిన ముల్లు

రోజుకి ఎనిమిది వందల క్యాలరీలు దాటకూడదని నాకు నేనే గీత గీసుకున్నాను. మొదట్లో బరువు గబగబా దిగింది. అందులో చాలా మటుకు నీరేనట. కండల్లో, కాలేయంలో నిల్వ ఉండే గ్లైకోజెన్ అనే పిండిపదార్థం గ్రాముకి సుమారు మూడు గ్రాముల నీటిని పట్టి ఉంచుతుంది, తిండి తగ్గగానే ముందు కరిగేది అదే. తర్వాత మెషిన్ మీద ముల్లు మొండికేసింది. వారాలు గడిచినా అక్కడే.

ఎవరిని అడిగినా ఒకటే జవాబు: "మరీ తక్కువ తింటున్నావు. ఒళ్లు స్టార్వేషన్ మోడ్‌లోకి పోయింది, కొవ్వు వదలదు." వినడానికి భలే హాయిగా ఉంది, ఎక్కువ తింటే తగ్గిపోతానన్నమాట! కానీ నాకు మింగుడు పడలేదు. తిండి దొరక్క లావెక్కిన మనిషిని ఎవరు చూశారు?

వెతుక్కుంటూ పోతే అమెరికాలోని మిన్నెసోటాలో 1944-45లో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త చేసిన ప్రయోగం గురించి తెలిసింది. 36 మంది కుర్రాళ్లు, ముందుకొచ్చి చేరినవాళ్లే. దాదాపు ఆరు నెలలు రోజుకి 1,570 క్యాలరీల చుట్టుపక్కల పెట్టి, బాగా నడిపించారు. వాళ్ల మెటబాలిజం, అంటే ఒళ్లు శక్తిని ఖర్చు పెట్టే వేగం, బాగా పడిపోయింది, గుండె వేగం తగ్గింది, ఎప్పుడూ చలి, ఎప్పుడూ తిండి ధ్యాసే. అయినా ఒంటి బరువులో పావు వంతు పోయింది. అంటే ఒళ్లు ఖర్చు తగ్గించుకోవడం నిజం, కొవ్వుకి తాళం వేసుకోవడం మాత్రం అబద్ధం. నన్ను ఆపిన సంగతి ఇంకోటి: వాళ్లలో చాలామందికి కాళ్లకి నీరు పట్టింది. ఒంట్లో నీరు చేరితే లోపల కొవ్వు తగ్గుతున్నా మెషిన్‌కి ఆ సంగతి తెలియదు.

మరి నా ముల్లు ఎందుకు ఆగినట్టు? డైటీషియన్ దగ్గరికి వెళ్లాను. ఆవిడ ముందు నా ఫోన్ అడిగి తీసుకుని స్టెప్ కౌంట్ గ్రాఫ్ తెరిచారు. డైట్ మొదలైనప్పటి నుంచి గీత మెట్లు దిగినట్టు దిగుతోంది. "మీరు కూర్చున్నచోటి నుంచి లేవట్లేదు. ఒళ్లే మిమ్మల్ని లేవనివ్వట్లేదు," అన్నారు. నిజమే, లిఫ్ట్ ఆగిపోతే మెట్లెక్కాల్సి వస్తుందని భయపడే దాకా వచ్చింది నా నీరసం. తల దువ్వితే దువ్వెన నిండా జుట్టు.

తర్వాత నోట్‌బుక్. తిన్న ప్రతిదీ కాటా మీద పెట్టి రాయమన్నారు, శని ఆదివారాలతో సహా. ఆ రెండు రోజుల పేజీలే కథంతా చెప్పాయి: వారమంతా బిగబట్టిన ఆకలి అక్కడ కట్టలు తెంచుకుంటోంది. ఒక్క టేబుల్‌స్పూన్ నూనెకే 120 క్యాలరీలు, నేను దాన్ని లెక్కలోకే తీసుకోలేదు. ఇది నా ఒక్కరి గొడవ కాదట. 1200 క్యాలరీల లోపే తింటున్నా తగ్గట్లేదని చెప్పినవాళ్లని 1992లో ఒక అధ్యయనంలో కొలిచి చూస్తే, నిజానికి తిన్నదాంట్లో సగం వరకు వాళ్ల లెక్కలోకే రాలేదు. వాళ్లవి అబద్ధాలని నేననను. ఆకలి మీదున్న మనిషికి చేతిలోకి వచ్చిన గుప్పెడు గుర్తుండదు.

ఎనిమిది వందల క్యాలరీల డైట్ డాక్టర్ కనిపెట్టుకుని ఉంటేనే చెయ్యాలని ఆవిడ గట్టిగా చెప్పారు. మరీ వేగంగా తగ్గితే పిత్తాశయంలో రాళ్లు వచ్చే ప్రమాదం ఉంది, కండ కూడా కరుగుతుంది. నాకు పదిహేను వందల క్యాలరీలు రాసిచ్చారు, అందులో ప్రొటీన్ కిలో బరువుకి 1.2 గ్రాములకి తగ్గకుండా. దాంతోపాటు బరువులెత్తే వ్యాయామం.

పెంచిన వారం ముల్లు పైకెక్కింది! గ్లైకోజెన్, దాని నీరు తిరిగొచ్చాయంతే, కంగారు పడొద్దని ముందే చెప్పి ఉండకపోతే అక్కడే మానేసేదాన్ని. ఏ రోజు బరువెంతో పట్టించుకోవడం ఆపి వారం సగటు మాత్రం చూసుకున్నాను. స్టెప్పులు వాటంతటవే పెరిగాయి, శని ఆదివారాల దాడి ఆగింది, సగటు దిగడం మొదలైంది. ఎక్కువ తినడం వల్ల తగ్గానని ఎవరైనా అంటే ఒప్పుకోను. వారం మొత్తం కూడితే తిన్నది తక్కువే, తిరిగింది ఎక్కువ.

ఇప్పుడు వారానికి అరకిలో లోపే తగ్గుతున్నాను. రాత్రిళ్లు ఆకలి ఉంది, లేదనను. కొన్ని కిలోలు తగ్గినప్పుడల్లా క్యాలరీల లెక్క మళ్లీ వేయించుకోమన్నారు, ఒళ్లు తేలికైతే దాని ఖర్చూ తగ్గుతుంది కాబట్టి. వచ్చే నెల మళ్లీ వెళ్లాలి.