నాప్సు మూత్రపురీషం కుర్యాత్: అరుణంలో ఒక నియమం

రథసప్తమికి, మాఘ ఆదివారాలకు అరుణ పారాయణతో సూర్యనమస్కారాలు చేయించుకునేవాళ్ళు ఈ మాట వినే ఉంటారు. అరుణం అంటే తైత్తిరీయ ఆరణ్యకంలోని మొదటి ప్రశ్న (అధ్యాయం). అందులో 26వ అనువాకంలో ఉంది:

నాప్సు మూత్రపురీషం కుర్యాత్ । న నిష్ఠీవేత్ । న వివసనః స్నాయాత్ ।

నీళ్ళలో మలమూత్రాలు విడవరాదు, ఉమ్మరాదు, బట్ట లేకుండా స్నానం చేయరాదు. నీళ్ళలో అగ్ని దాగి ఉన్నాడని వెంటనే కారణమూ చెప్పారు. ఆ తర్వాతి వాక్యాల్లో తామరాకు తొక్కవద్దనీ, తాబేలును తినవద్దనీ ఉంది. ఇలా నడుచుకున్నవాడికి నీళ్ళు హాని చెయ్యవట: ‘అఘాతుకా ఆపః’. ఇది ఒట్టి మడి నియమమే అయితే తాబేలు ఊసెందుకు?

ఋషులు నీటిలోని ఆక్సిజన్ కొలిచారని అనడం లేదు, ఆ గొప్పలు వేదానికి అక్కర్లేదు. నీటినీ అందులోని ప్రాణులనూ ఒకే వ్రతంలో కట్టారన్నదే ఇక్కడ పట్టుకోవాల్సింది.

మలం నీటిలో పడగానే బాక్టీరియా దాన్ని తింటూ ఆక్సిజన్ వాడేస్తుంది. ఒక మనిషి వల్ల రోజుకు వచ్చే మురుగు కుళ్ళడానికి సుమారు 45 గ్రాముల ఆక్సిజన్ కావాలి. 30 డిగ్రీల వేడిలో లీటరు నీటిలో కరిగేది 7.5 మిల్లీగ్రాములే. అంటే 6,000 లీటర్ల నీటిలోని ఊపిరంతా ఒక్క మనిషి పద్దు. పారే ఏరు గాలి నుంచి కొంత తిరిగి తెచ్చుకుంటుంది. వేసవిలో మడుగు కట్టిన వాగుకు ఆ దారి తక్కువ.

ఆక్సిజన్ తగ్గితే మొదట పోయేవి రాళ్ళను అంటుకుని బతికే మేఫ్లై అనే కీటకం పిల్లపురుగులు. వాటి చోట బురదలో ఎర్రదారాల్లా ఊగే ట్యూబిఫెక్స్ పురుగులు చేరతాయి. పురుగుల్ని నమ్ముకున్న చిన్న చేపలు తగ్గితే లకుముకి పిట్టకూ తిండి కరువే. బొచ్చె, రోహు తెల్లవారుజామున పైకి తేలి నోళ్ళు తెరుస్తాయి. పైకొచ్చి గాలి పీల్చగల కొర్రమీను, మార్పు చేపలు నిలుస్తాయి. మురుగులోని నత్రజని, భాస్వరం తిని గుర్రపుడెక్క కమ్ముకుంటే వెలుతురూ అందదు.

తేటగా ఉన్నంత మాత్రాన నీళ్ళు స్నానానికి పనికిరావు. కేంద్ర ప్రభుత్వ ప్రమాణం ప్రకారం 100 మిల్లీలీటర్లలో మలకోలిఫామ్ (మలం కలిసిందని తెలిపే బాక్టీరియా) 500 లోపుంటే మేలు, 2,500 దాటరాదు. అది కంటికి కనిపించదు, ల్యాబ్‌లో తేలాల్సిందే.

ఈ కాలంలో నియమభంగం రేవులో కంటే ఇంట్లోనే ఎక్కువ. సెప్టిక్ ట్యాంకు గొట్టం ఇంకుడుగుంతలోకి పోవాలి, వీధి కాలువలోకి కాదు. రెండు మూడేళ్ళకోసారి తోడించాలి. బురద నిండితే మలం అడుగుకు దిగే వ్యవధి ఉండదు, వచ్చింది వచ్చినట్టే బయటికి పోతుంది. తోడిన లారీ శుద్ధికేంద్రానికి వెళ్తోందో, ఊరవతల వాగుకు వెళ్తోందో డబ్బు ఇచ్చేముందే అడగండి: మామూలు మురుగు లీటరుకు వందల మిల్లీగ్రాముల ఆక్సిజన్ లాగితే, ఆ బురద వేలల్లో లాగుతుంది.